నిమ్మతోట: నీళ్ళు పెట్టడం, నీళ్ళు ఆపడం

నెల్లూరు నుంచి పొదలకూరు మీదుగా రాపూరు వైపు వెళ్ళేవారికి దారికి ఇరుపక్కలా నిమ్మతోటలు కనిపిస్తూనే ఉంటాయి. ఏడాది పొడవునా పచ్చగా ఉంటూ, ఒకే కొమ్మ మీద పూవూ పిందే కాయా కలిసి కనిపించే చెట్టు కావడంతో, చూసేవారికి ఇది పెద్దగా శ్రమ లేని పంట అనిపిస్తుంది. 2022 వేసవిలో చిల్లర అంగళ్ళలో నిమ్మకాయలు కిలో 200 రూపాయలు దాటినప్పుడు ఆ ధర చూసి, అంతవరకూ వరి, వేరుశనగ తప్ప మరొకటి వేయని రైతులు కూడా నిమ్మ మొక్కల కోసం తిరిగారు. అలా నాటిన తోటలు కొన్ని ఇప్పుడు బాగా కాస్తున్నాయి, కొన్ని కాపుకు వచ్చే వేళకే కొమ్మ కొమ్మా ఎండుతున్నాయి. ఈ తేడాకు కారణం చాలా చోట్ల ఎరువు కాదు, మందు కాదు, నీరు. నిమ్మకు నీరు పెట్టడం అందరికీ తెలుసు. ఎక్కడ పెట్టకూడదో, ఎప్పుడు ఆపాలో తెలిసినవారి తోటే పదిహేను ఇరవై ఏళ్ళు నిలుస్తుంది. మా ఇంటి తోటలో నష్టపోయి నేర్చుకున్నవాటిని, పరిశోధన స్థానాలు సిఫారసు చేసే పద్ధతులను కలిపి ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

నేల, బోరు నీరు

నిమ్మకు నీరు ఇంకిపోయే ఎర్ర గరప నేలలు, ఇసుక పాలు ఉన్న ఎర్ర నేలలు శ్రేష్ఠం. పొదలకూరు, సైదాపురం, రాపూరు, వెంకటగిరి, గూడూరు ప్రాంతాల్లో ఈ పంట వేళ్ళూనుకోవడానికి అక్కడి ఎర్ర నేలలే ముఖ్య కారణం. ఉదజని సూచిక (పీహెచ్‌) 6.5 నుంచి 7.5 మధ్య ఉంటే మంచిది. నీరు నిలిచే నల్లరేగడి, అడుగున చట్టు రాయి ఉన్న నేల, సున్నం ఎక్కువగా ఉన్న నేల నిమ్మకు పనికిరావు. భూసార పరీక్ష తప్పకుండా చేయించాలి. అంతకుముందే మీరు స్వయంగా చేసుకోదగిన చిన్న పరీక్ష ఒకటి ఉంది. చేలో నాలుగు చోట్ల మూడడుగుల గుంత తీసి, అడుగు మట్టిలో తెల్లటి గులకలు కనిపిస్తే వాటిని నలిపి, ఆ పొడి మీద ఒక నిమ్మకాయ పిండండి. సన్నగా నురగ లేచిందంటే ఆ గులకలు సున్నమే. అటువంటి నేలలో నిమ్మ ఆకులు ఈనెలు మాత్రం పచ్చగా ఉండి మిగిలిన భాగమంతా పాలిపోతాయి, ఎన్ని ధాతువులు చల్లినా ఆ పాలిపోయిన రంగు పూర్తిగా తిరగదు.

అదే గుంతను బిందెలతో నింపి మరునాడు ఉదయం చూడండి. నీరు ఇంకా నిలిచి ఉంటే అక్కడ నిమ్మ నాటాలన్న ఆలోచన మానుకోవడమే క్షేమం.

నేలతో పాటు నీటినీ పరీక్ష చేయించాలి. నిమ్మ జాతి చెట్లు ఉప్పును ఓర్చుకోలేవు. లవణాల మోతాదును తెలిపే ఈసీ విలువ (డెసీసీమెన్స్‌/మీటరు లెక్కలో) 1 లోపు ఉన్న నీరైతే నిశ్చింతగా వాడవచ్చు. సముద్రపు ఒడ్డున ఉన్న గ్రామాల్లో బోరు నీరు వేసవిలో చవ్వగా మారడం చాలామందికి అనుభవమే. అటువంటి చోట ఆకుల కొనలు మాడి రాలిపోతుంటే దాన్ని తెగులు అనుకుని మందులు కొట్టిన రైతులను నేను చూశాను. ఉలవపాడు పరిసరాల్లో మామిడి, సపోటా తోటలు పేరు తెచ్చుకున్నాయి. కొద్దిపాటి ఉప్పునీటిని సపోటా తట్టుకున్నట్టు నిమ్మ తట్టుకోదు కనుక, తీరం దగ్గర పొలం ఉన్నవారు పండ్ల తోట వేయదలిస్తే సపోటా వైపు చూడమని నా సలహా.

మొక్కను ఎంచుకోవడం

మనం పచ్చళ్ళకూ పులిహోరకూ వాడే పలుచని తొక్క కాగితపు నిమ్మనే ఈ ప్రాంతంలో తోటలుగా పెంచుతారు. ఇందులో ఆకు మీద, కాయ మీద గరుకు మచ్చలు తెచ్చే గజ్జి తెగులును తట్టుకునే రకంగా తిరుపతి నిమ్మజాతి పరిశోధన స్థానం నుంచి వచ్చిన బాలాజీ రకం రైతుల్లో బాగా వ్యాపించింది. వెంకటగిరి దగ్గరి పెట్లూరులోనూ నిమ్మ పరిశోధన స్థానం ఉంది. పెట్లూరు సెలక్షన్‌-1 అక్కడి పేరుతోనే వచ్చింది. కొత్తగా తోట వేసేవారు ఒకసారి ఆ స్థానానికి వెళ్ళి తల్లిచెట్లను కళ్ళారా చూసి రావడం మంచిది.

విత్తనపు మొక్క మంచిదా, అంటు మొక్క మంచిదా అన్న చర్చ మన ఊళ్ళలో తెగేది కాదు. నిమ్మ గింజకు ఒక ప్రత్యేక గుణం ఉంది. ఒకే గింజ నుంచి రెండు మూడు మొలకలు వస్తాయి, వాటిలో ఎక్కువ భాగం తల్లిచెట్టు లక్షణాలనే తెచ్చుకుంటాయి. అందువల్ల మామిడి టెంక నాటినట్టు ఏమి కాస్తుందో తెలియని పరిస్థితి నిమ్మకు లేదు. పండిన కాయ నుంచి తీసిన గింజను కడిగి, ఎండనివ్వకుండా వెంటనే విత్తుకోవాలి. ఎండిన నిమ్మ గింజ మొలకెత్తే శక్తిని తొందరగా కోల్పోతుంది. మొలకల్లో మరీ పొట్టివీ, ఆకు తీరు వేరుగా ఉన్నవీ ఏరివేసి, ఒకే తీరున ఎదిగినవాటిని ఉంచుకోవాలి. పేనుబంక ద్వారా వ్యాపించే ట్రిస్టిజా అనే వైరస్‌ తెగులు గింజ ద్వారా రాదు కనుక, వల కట్టిన నర్సరీలో పెంచిన విత్తనపు మొక్క ఆ విషయంలో శుభ్రమైనది. అంటు మొక్కలకు ఉన్న మేలు వేరే. మూడో ఏటికే కాపు మొదలవుతుంది, రంగపూర్‌ నిమ్మ వంటి వేరు మూలం మీద కట్టినవి వేరుకుళ్ళును, నీటి ఎద్దడిని కొంత మెరుగ్గా తట్టుకుంటాయి. విత్తనపు మొక్క కాపుకు ఇంకో ఏడాది, రెండేళ్ళు ఆలస్యమవుతుంది.

అంటు తీసుకునేటప్పుడు ఒక్క విషయం గట్టిగా చూడండి. అంటు కట్టిన ముడి సంచిలోని మట్టికి కనీసం జానెడు ఎత్తున ఉండాలి. ముడి మట్టికి ఆనుకుని ఉన్న మొక్కను ఊరికే ఇచ్చినా తీసుకోవద్దు. ఈ మాట ఇంత పట్టుదలగా ఎందుకు చెబుతున్నానంటే, మా తోటలో మొదటి విడత నాటిన 40 మొక్కల్లో సగానికి పైగా పోవడానికి కారణం అదే. మొక్కలు తెచ్చిన నర్సరీలో ముడి తక్కువ ఎత్తున ఉంది, నాటే రోజున మేము గుంతలో ఇంకా నాలుగు అంగుళాలు లోతుకు దించాము. మూడేళ్ళు చెట్లు ఏపుగానే పెరిగాయి. నాలుగో ఏడు వానలు వెలిశాక ఒక చెట్టు మొదట్లో నాన్న చేతులతోనే మట్టి తోడి చూస్తే, ముడి దగ్గర బెరడు నల్లగా పగిలి, ఆ పగులులో నుంచి బెల్లంపాకం వంటి బంక చుక్కలు చుక్కలుగా కారి గడ్డకట్టి ఉంది. గోటితో గీరితే బెరడు తడిగా ఊడి వచ్చింది, లోపలి చెక్క గోధుమ రంగుకు తిరిగింది. బంక తెగులు అంటే ఏమిటో మాకు తెలిసింది ఆ రోజు. తరువాత వరుసగా అన్ని చెట్లకూ మట్టి తీసి చూశాము, ముడి పూడిన ప్రతి చెట్టుకూ అదే జబ్బు ఉంది.

నాటే పద్ధతి

సాలుకూ సాలుకూ మధ్య, మొక్కకూ మొక్కకూ మధ్య 6 మీటర్ల దూరం ఉంచితే ఎకరాకు సుమారు 110 మొక్కలు పడతాయి. ఎక్కువ మొక్కలు పెట్టాలన్న ఆశతో దగ్గర దగ్గరగా నాటిన తోటల్లో ఏడెనిమిదేళ్ళకు కొమ్మలు అల్లుకుపోయి లోపలికి గాలి, వెలుతురు ఆడవు. ముళ్ళ మధ్య కాయ కోసే మనిషి కూడా దూరలేడు. వేసవిలో మీటరు పొడవు, వెడల్పు, లోతు ఉండేలా గుంతలు తీసి నెల రోజులు ఎండనివ్వాలి. పై మట్టిని ఒక పక్కకు, అడుగు మట్టిని మరో పక్కకు వేసుకుని, పూడ్చేటప్పుడు పై మట్టిలో 30 నుంచి 40 కిలోల బాగా చివికిన పశువుల ఎరువు, ఒక కిలో సింగిల్‌ సూపర్‌ ఫాస్ఫేట్‌, ఒక కిలో వేప పిండి కలపాలి. వీలైతే ఆ పశువుల ఎరువులో ముందుగానే ట్రైకోడెర్మా విరిడి కలిపి, నీడలో పది పదిహేను రోజులు తడి ఆరకుండా మాగబెట్టితే వేరుకుళ్ళును అడ్డుకునే మంచి శిలీంధ్రం గుంతలో ముందే స్థిరపడుతుంది.

నైరుతి వానలు పడే జూన్‌, జూలై, ఆగస్టు నెలల్లో నాటుకోవడం మంచిది. మన జిల్లాలో అసలు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి కాబట్టి, అప్పటికి వేరు పట్టుకుని ఉన్న మొక్కే వానను తట్టుకుంటుంది. పూడ్చిన గుంత తరువాత కుంగుతుందని గుర్తుంచుకుని, చుట్టూ ఉన్న నేల కంటే అరడుగు ఎత్తుగా మట్టి పోసి, ఆ ఎత్తు మీద మొక్కను నాటాలి. నాటిన వెంటనే కర్ర పాతి మెత్తని గుడ్డ పీలికతో వదులుగా కట్టాలి. గాలి ఎక్కువ వీచే దిక్కున సరుగుడు రెండు వరుసలు వేస్తే గాలికి ముళ్ళు రాసుకుని కాయ మీద పడే గీతలు తగ్గుతాయి, ఆ గాయాల ద్వారా వ్యాపించే గజ్జి తెగులు కూడా తగ్గుతుంది.

మొదటి మూడేళ్ళు మధ్య ఖాళీలో వేరుశనగ, అలసంద, పెసర, మినుము వంటివి వేసుకోవచ్చు. టమాటా, వంగ, మిరప, బెండ వేయకండి. వాటి వేళ్ళలో పెరిగే నులిపురుగులు నేలలో మిగిలిపోతాయి. బంతి వేస్తే ఆ పురుగులు తగ్గుతాయి, పూలకు రాబడీ ఉంటుంది.

పాదు కట్టే తీరు

చాలా తోటల్లో చెట్టు మొదలు చుట్టూ పళ్ళెంలా గుండ్రంగా పాదు తీసి, ఆ పాదు నిండా నీరు పారిస్తారు. మాను మొదలు నీటిలో నానుతుంది, ఒక చెట్టు పాదులోని నీరు మరో పాదులోకి పారి తెగులును తోట అంతా తిప్పుతుంది. బంక తెగులు కలిగించే ఫైటోఫ్తోరా శిలీంధ్రానికి కదలడానికి నీరే వాహనం. అందుకే రెండు కట్టల పాదు కట్టుకోవాలి. మాను చుట్టూ రెండడుగుల దూరంలో లోపలి కట్ట వేసి, దాని లోపలి మట్టిని మాను వైపు కొద్దిగా ఎత్తు చేయాలి. అయితే ఆ మట్టి అంటు ముడిని తాకకూడదు. కొమ్మల నీడ చివర ఎక్కడ పడుతుందో అక్కడ వెలుపలి కట్ట వేయాలి. రెండు కట్టల నడుమ ఉన్న పళ్ళెంలో మాత్రమే నీరు, ఎరువు ఇవ్వాలి. నీటిని, ఆహారాన్ని పీల్చుకునే సన్నని పీచు వేళ్ళు అక్కడే ఉంటాయి. చెట్టు పెరిగిన కొద్దీ వెలుపలి కట్టను ఏటా జరుపుతూ పోవాలి. డ్రిప్‌ పెట్టుకున్నవారు కూడా డ్రిప్పర్లను మాను దగ్గర వదిలేయకుండా చెట్టుతో పాటు దూరం జరపాలి. నాలుగేళ్ళ చెట్టుకు నాలుగు వైపులా నాలుగు డ్రిప్పర్లు ఉండాలి.

ఏటా వానలకు ముందు ఒకసారి, వెలిశాక మరోసారి మాను మొదటికి రెండు మూడు అడుగుల ఎత్తు వరకు బోర్డో పేస్టు పూయాలి. దీన్ని ఇంటి దగ్గరే చేసుకోవచ్చు. ఒక కిలో మైలుతుత్తాన్ని 5 లీటర్ల నీటిలో, ఒక కిలో పొడి సున్నాన్ని మరో 5 లీటర్ల నీటిలో వేరువేరు ప్లాస్టిక్‌ బకెట్లలో కలుపుకుని, రెండింటినీ మూడో బకెట్లోకి ఒకేసారి పోస్తూ కర్రతో తిప్పాలి. ఇనుప పాత్ర వాడకూడదు. కలిపిన తరువాత మెరుగు పెట్టిన చాకును అందులో ఒక నిమిషం ముంచి తీస్తే, దాని మీద రాగి రంగు పేరుకుంటే సున్నం చాలలేదని అర్థం, ఇంకొంచెం సున్నం కలపాలి. చేసిన రోజే వాడేయాలి. బంక కారే చోట ముందు పాడైన బెరడును పచ్చి బెరడు కనిపించేదాకా చెక్కివేసి, ఆ బెరడు ముక్కలను తోటలో పారవేయకుండా కాల్చి, ఆ తరువాతే పేస్టు పూయాలి.

2021 నవంబరులో పెన్నకు వరద వచ్చిన వానల్లో మా తోట నాలుగు రోజులు నీటిలో ఉంది. వాలు వైపుకు ముందుగా మురుగు కాలువ తీసిన సగం తోటలో చెట్లు పసుపు తిరిగి మళ్ళీ కోలుకున్నాయి. తీయని సగంలో వేళ్ళు కుళ్ళాయి. నాలుగు సాళ్ళకు ఒక మురుగు కాలువ సెప్టెంబరులోనే సిద్ధంగా ఉండాలి, వాన పట్టుకున్నాక పార పట్టుకుని పరుగెత్తినా ప్రయోజనం ఉండదు.

ఎరువులు

నిమ్మకు నత్రజని ఎక్కువ కావాలి. మొదటి ఏడు మొక్కకు 375 గ్రాముల నత్రజనితో మొదలుపెట్టి ఏటా అంతే పెంచుకుంటూ నాలుగో ఏటికి 1,500 గ్రాములకు తీసుకువెళ్ళడం మన రాష్ట్రంలో ఉన్న సిఫారసు. అందులో నాలుగో వంతు పశువుల ఎరువు రూపంలో, మరో నాలుగో వంతు వేప లేదా ఇతర పిండి రూపంలో, మిగిలిన సగం మాత్రమే రసాయన ఎరువుగా ఇవ్వాలి. మొత్తం ఎరువును రెండు భాగాలు చేసి డిసెంబరు-జనవరిలో ఒకసారి, జూన్‌-జూలైలో ఒకసారి వేయాలి. భాస్వరం, పొటాష్‌ మోతాదును భూసార పరీక్ష ఫలితం చూసి నిర్ణయించుకోవడం మంచిది. కొత్త చిగుళ్ళలో ఆకులు సన్నబడి, ఈనెల నడుమ పసుపు మచ్చలు కనిపిస్తే జింకు లోపం ఉన్నట్టు. చిగురు ఆకు ముదరకముందే లీటరు నీటికి 5 గ్రాముల జింక్‌ సల్ఫేట్‌, 10 గ్రాముల యూరియా కలిపి పిచికారీ చేయాలి.

నీళ్ళు ఆపి పూత తెప్పించడం

ఈ పంటలో ఎక్కువ ఓర్పు, ఎక్కువ జాగ్రత్త కోరే పని ఇదే. నిమ్మ ఏడాదిలో మూడు విడతలుగా పూస్తుంది. జనవరి-ఫిబ్రవరిలో పెద్ద పూత, జూన్‌-జూలైలో ఒక పూత, సెప్టెంబరు-అక్టోబరులో ఒక పూత వస్తాయి. పూవు నుంచి కోతకు 5 నుంచి 6 నెలలు పడుతుంది. దీన్ని బట్టి చూస్తే, జనవరి పూత కాయ వానాకాలం మొదట్లో అందరి తోటల్లోనూ ఒకేసారి తెగుతుంది, ధర పడిపోతుంది. ఎండలు ముదిరి షర్బతు బండ్లు వీధుల్లోకి వచ్చే మార్చి, ఏప్రిల్‌, మే నెలల్లో కాయ ఉండాలంటే అక్టోబరులో పూత నిలవాలి. ఆ పూత కోసం ఆగస్టు చివర నీళ్ళు ఆపివేసి చెట్టును బెట్టకు గురిచేస్తారు.

ఎన్ని రోజులు ఆపాలన్నది నేలను బట్టి ఉంటుంది, క్యాలెండరు చూసి చేసే పని కాదు. ఇసుక నేలలో రెండు వారాలకే చాలవచ్చు, బరువు నేలలో మూడు నాలుగు వారాలు పట్టవచ్చు. చెట్టునే చూడాలి. మొదట మధ్యాహ్నం వేళ మాత్రమే ఆకులు వడలి సాయంత్రానికి తేరుకుంటాయి. తరువాత ఉదయం పూట కూడా ఆకు కొద్దిగా దోనెలా ముడుచుకునే ఉంటుంది, చేత్తో పట్టుకుంటే మెత్తగా కాక తోలులా అనిపిస్తుంది, పాత ఆకులు నాలుగింట ఒక వంతు రాలుతాయి. అక్కడితో బెట్ట ఆపాలి. కొమ్మల కొనలు ఎండేదాకా ఉపేక్షిస్తే పూత మాట అటుంచి చెట్టే దెబ్బతింటుంది. బెట్ట ఆపిన వెంటనే పాదులను వేళ్ళు తెగకుండా పైపైన తిరగగొట్టి, ఎరువు వేసి, మొదటి తడి పలుచగా, రెండో తడి నాలుగైదు రోజులకు నిండుగా ఇవ్వాలి. రెండు మూడు వారాల్లో చిగురుతో పాటు మొగ్గ కనిపిస్తుంది. ఆ సమయంలో లీటరు నీటికి 10 గ్రాముల పొటాషియం నైట్రేట్‌ పిచికారీ చేస్తే పూత ఒక్కసారిగా వస్తుంది.

బెట్ట పెట్టిన రోజుల్లో పెద్ద వాన పడితే ఆ ఏటికి ఆ ప్రయత్నం వదులుకోవాలి. బలహీనంగా ఉన్న చెట్లకు, మూడేళ్ళ లోపు చెట్లకు, క్రితం కాపు విపరీతంగా కాసి అలసిన చెట్లకు బెట్ట పెట్టవద్దు. పిందె గోళీ అంత అయ్యాక రాలడం ఎక్కువైతే 4.5 లీటర్ల నీటికి 1 మిల్లీలీటరు ప్లానోఫిక్స్‌ కలిపి పిచికారీ చేయవచ్చు. మోతాదు పెంచితే ఆకు, పిందె రెండూ రాలతాయి. పిందె దశలో నీటి తడులకు ఎడం ఎక్కువ చేసి ఒక్కసారిగా నిండుగా పెడితే కాయ పగులుతుంది. ఈ దశలో కొద్ది కొద్దిగా, క్రమం తప్పకుండా నీరు ఇవ్వాలి.

తెగుళ్ళు, పురుగులు

గజ్జి తెగులు గురించి తెలియని నిమ్మ రైతు ఉండడు. ఆకు మీద, లేత కొమ్మ మీద, కాయ మీద గరుకుగా, తుప్పు రంగులో లేచిన మచ్చలు, ఆకు మీదైతే వాటి చుట్టూ పసుపు వలయం కనిపిస్తాయి. గజ్జి కాయ రసానికి ఏ లోటూ రాదు గాని మార్కెట్లో దాన్ని పక్కకు తీసేస్తారు. తడిసిన చిగురుకు, గాయమైన ఆకుకు ఇది సోకుతుంది. లేత ఆకుల మీద వెండి గీతల్లాంటి మెలికల దారులు చేసే ఆకుముడత పురుగు ఆ గాయాలకు మొదటి కారణం, కాబట్టి ఆ పురుగును అదుపు చేస్తే గజ్జి సగం తగ్గుతుంది. చిగురు అగ్గిపుల్ల పొడవు ఉన్నప్పుడే 5 శాతం వేపగింజల కషాయం కొట్టాలి. వానలకు ముందు ఎండు పుల్లలు, గజ్జి కొమ్మలు కత్తిరించి కాల్చి, లీటరు నీటికి 3 గ్రాముల కాపర్‌ ఆక్సీక్లోరైడ్‌ పిచికారీ చేసి, ప్రతి కొత్త చిగురుకూ మళ్ళీ చేయాలి. ఇందులో యాంటీబయాటిక్‌ పొడి కలిపే అలవాటు ఉంది. మనుషుల జబ్బులకు వాడే మందును తోటల మీద చల్లడం మానుకోవాలన్నది నా దృఢమైన అభిప్రాయం.

పక్షి రెట్టలా కనిపించే చిన్న పురుగు, పెరిగాక ఆకుపచ్చగా మారి లేత ఆకులను తినేసేది, సీతాకోకచిలుక గొంగళి. చిన్న తోటలో చేత్తో ఏరివేస్తే చాలు. ఇది కరివేపాకు, మారేడు చెట్ల మీదా పెరుగుతుంది కనుక వాటినీ చూడాలి. కాయ తొక్క ఊదా గోధుమ రంగుకు తిరిగి మంగు పడితే అది నల్లి పని. లీటరు నీటికి 3 గ్రాముల నీటిలో కరిగే గంధకం వాడాలి, ఎండ మండే మధ్యాహ్నాలు మాత్రం కొట్టకూడదు.

ఇంటి మిద్దె మీద పెంచేవారికి

అడుగున చిల్లులున్న అడుగున్నర, రెండడుగుల వెడల్పు కుండీ, సగం ఎర్రమట్టి, మిగిలిన సగంలో ఇసుక, చివికిన పశువుల ఎరువు, గుప్పెడు వేప పిండి చాలు. రోజుకు ఆరు గంటల ఎండ తప్పనిసరి. వేలు రెండు అంగుళాలు లోపలికి దించి పొడిగా తగిలితేనే నీరు పోయండి. కుండీ కింద నీటి పళ్ళెం పెట్టకండి.

కోత, నిల్వ

ముదురాకుపచ్చ తిరిగి లేతాకుపచ్చలోకి వచ్చి, తొక్క నునుపెక్కి, వేళ్ళ మధ్య నొక్కితే కొద్దిగా లొంగే కాయ కోతకు సిద్ధమైనట్టు. మంచు ఆరిన తరువాత కోయాలి. తడి కాయను బస్తాలో కడితే మార్కెట్‌ చేరేలోపు తొక్క మీద నల్ల మచ్చలు పడతాయి. కొమ్మను దులిపి రాల్చిన కాయకు కనపడని దెబ్బ తగులుతుంది. చిక్కం కట్టిన దోటీతో కోసి గోనె మీద పోసుకోవాలి, రాలిన కాయలను కోసిన కాయలతో కలపకూడదు. ఎదిగిన చెట్టు ఏడాదికి వెయ్యి కాయలకు తగ్గకుండా ఇస్తే తోట ఆరోగ్యంగా ఉన్నట్టు. ఇంట్లో వాడుకోవడానికైతే కాయలను కడిగి, తుడిచి, పూర్తిగా ఆరాక చిన్న చిల్లులున్న కవరులో వేసి ఫ్రిజ్‌ అడుగున కూరగాయల అరలో ఉంచితే మూడు నాలుగు వారాలు రసం తగ్గకుండా ఉంటాయి.

కాయలు కోసేటప్పుడు, పిండేటప్పుడు చేతికి అంటిన రసాన్ని సబ్బుతో కడుక్కోకుండా ఎండలోకి వెళ్ళకండి. నిమ్మ రసం, తొక్క నూనె అంటిన చర్మం మీద ఎండ పడితే కాలినట్టు బొబ్బలు లేచి, ఆ మచ్చలు వారాల తరబడి పోవు. తోటలో పనిచేసేవారికీ, పెళ్ళి వంటల్లో వందల కాయలు పిండేవారికీ ఈ జాగ్రత్త ముఖ్యం.

వంటింట్లో

నిమ్మరసాన్ని పొయ్యి మీద ఉన్న పదార్థంలో పిండకూడదు. వేడికి విటమిన్‌ సి తగ్గుతుంది, వాసన పోతుంది, చేదు పైకి వస్తుంది. పులిహోరకైనా, ఉప్మాకైనా, పప్పుకైనా గిన్నె దించి ఆవిరి తగ్గాక పిండాలి. గింజ నలిగితే కూడా చేదు వస్తుంది కాబట్టి తొక్క ఎదురు తిరిగేలా గట్టిగా పిండకుండా, కోసేముందే కాయను పీట మీద అరచేత్తో దొర్లిస్తే రసం తేలికగా దిగుతుంది.

ఇక ఊరగాయ. పలుచని తొక్క ఉన్న, పసుపు తిరిగిన, గజ్జి లేని కాయలు కిలో తీసుకుని, కడిగి, పొడి గుడ్డతో తుడిచి, నీడలో గుడ్డ మీద ఒక పూట ఆరనివ్వాలి. కత్తి, పీట, జాడీ, గరిటె అన్నీ పొడిగా ఉండాలి. ముప్పావు వంతు కాయలను ఎనిమిదేసి ముక్కలు కోసి గింజలు తీసివేసి, మిగిలిన కాయల రసం వాటి మీద పిండి, 200 గ్రాముల కల్లుప్పు పొడి, రెండు చెంచాల పసుపు కలిపి జాడీలో వేసి వాసెన కట్టాలి. గాజు, పింగాణీ తప్ప ఇత్తడి, అల్యూమినియం పాత్రలు ముట్టకూడదు, పులుపుకు అవి కరుగుతాయి. మూడో రోజున ముక్కలను రసం నుంచి తీసి, పిండి, పళ్ళెంలో ఎండలో పెట్టాలి, రసాన్ని కూడా గాజు గిన్నెలో ఎండలోనే ఉంచి సాయంత్రం ముక్కలను అందులోనే వేయాలి. ఇలా రెండు మూడు రోజులు చేస్తే ముక్క మెత్తబడి రసం పీల్చుకుంటుంది. అప్పుడు 150 గ్రాముల కారం, వేయించి పొడి చేసిన 25 గ్రాముల మెంతులు కలపాలి. నూనె, ఆవాలు, ఇంగువ తాలింపు మొత్తానికి పెట్టకుండా, వాడుకునేటప్పుడు ఒక కప్పెడు బయటికి తీసి దానికే వేసుకుంటే మిగిలిన జాడీ చెడదు.

మొదటి నెలలో తొక్క చేదు తెలుస్తుంది, తొందరపడి బెల్లం కలపకండి. రెండో నెలకు చేదు తగ్గుతుంది. వారానికి ఒకసారి పొడి గరిటెతో అడుగు నుంచి తిరగవేసి, పైన తేలే ముక్క లేకుండా రసంలో మునిగేలా అదిమి మళ్ళీ వాసెన కట్టాలి. ఏడాది దాటేసరికి ముక్క నల్లబడి వేలితో నొక్కితే జారిపోయేంత మెత్తనవుతుంది, రసం పాకంలా చిక్కబడుతుంది. కారం వేయకముందు విడిగా తీసి, ఉప్పులోనే అట్టేపెట్టిన ఒక చిన్న జాడీ మా ఇంట్లో ఎప్పుడూ ఉంటుంది. జ్వరం తగ్గి నోరు చప్పబడ్డవారికి గంజిలో నంజుకోవడానికి అమ్మ ఆ జాడీ నుంచే ముక్క తీసి పెడుతుంది.